ఈ ఏడాది ఏ కచేరీలు పెట్టుకుందాం? విజయనగరం, శ్రీకాకుళం ఔత్సాహిక బృందాలకు ఒక పోలిక

కొత్త ఏడాది కార్యక్రమాలు ఖాయం చేసుకుందామని కూర్చుంటే ఏ బృందంలోనైనా ముందు బయటికొచ్చేది పాటల జాబితా. ఒకరు త్యాగరాజు పంచరత్నాలంటారు. ఇంకొకరు ఘంటసాల నైట్ అంటారు. కీబోర్డు కుర్రాడు నాలుగు గొంతుల్లో ఏదైనా ఇంగ్లిష్ పాట చేద్దామంటాడు. ఎవరి మనసూ నొప్పించకూడదని అన్నిటికీ సరే అంటారు. తీరా చూస్తే కాగితం మీద అయిదు కచేరీలు, జరిగేవి రెండు, ఆ రెండూ సగం రిహార్సల్‌తో.

జాబితాకంటే ముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మీవాళ్లు ఏ నెలల్లో ఖాళీగా ఉంటారు? అందరూ కలిసి పాడగల శ్రుతి ఏది? తబలా, మృదంగం, వయొలిన్ వాయించేవాళ్లు రిహార్సల్స్‌కి వస్తారా, కచేరీ రోజు సాయంత్రం నేరుగా స్టేజీ ఎక్కుతారా? ఈ మూడూ తెలిస్తే ఏ కార్యక్రమం మీకు పనికొస్తుందో, ఏది మీ వల్ల కాదో చాలావరకు అక్కడే తేలిపోతుంది. అందుకే ఇక్కడ కార్యక్రమాలను పోల్చేటప్పుడు ఏది గొప్ప సంగీతం అన్న చర్చ జోలికి పోవడం లేదు.

బృందం అంటే నా మనసులో ఉన్నది ఇలాంటిది: ఇరవై, ముప్పై మంది పాడేవాళ్లు, ఏడెనిమిది మంది వాయించేవాళ్లు. బ్యాంకు ఉద్యోగులు, రిటైరైన టీచర్లు, పిల్లలు పెద్దవాళ్లయ్యాక మళ్లీ సంగీతం వైపు వచ్చిన గృహిణులు, చర్చిలో పాడేవాళ్లు, ఇంజనీరింగ్ చదువుతూ గిటార్ వాయించేవాళ్లు. విజయనగరంలో ఇలాంటివాళ్లకు కొదవ లేదు. 1919లో సంగీత పాఠశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసుగారిని ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టిన ఊరు ఇది. ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చింది ద్వారం వెంకటస్వామినాయుడుగారు. ఇప్పటికీ వీధికొకరు వర్ణాల దాకా నేర్చుకుని ఆపేసినవాళ్లు కనిపిస్తారు. వాళ్లే మీ కోరస్.

పంచాంగం ముందు పెట్టుకోండి

"ఏటండీ, పాట పాడ్డానికి కూడా ముహూర్తం చూడాలా?" అని నవ్వేవాళ్లుంటారు. చూడాలి. అయితే మంచి ముహూర్తాలు లేని రోజులు చూడాలి.

కారణం తేలికే. మన ఊళ్లలో కాస్త చెయ్యి తిరిగిన తబలా, ప్యాడ్స్, కీబోర్డు, వయొలిన్ వాళ్లలో ఎక్కువమందికి పెళ్లిళ్ల ప్రోగ్రాములే రాబడి. మాఘం, ఫాల్గుణం, వైశాఖాల్లో వాళ్లు మీకు దొరకరు. దొరికినా రిహార్సల్‌కి రారు. రాత్రి బొబ్బిలి రిసెప్షన్‌లో వాయించి తెల్లారి మీ దగ్గరికి వచ్చిన మనిషిని తప్పుపట్టడానికీ లేదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో వచ్చే మూఢం రోజులు, ఇవీ మీవి. బయట చేతినిండా పని లేని రోజుల్లో ఆ మనిషే నాలుగు రిహార్సల్స్‌కి వస్తాడు, ఓపిగ్గా కూర్చుంటాడు, "ఇక్కడ రెండో చరణం కాస్త తగ్గిద్దామా" అని సలహా కూడా ఇస్తాడు.

ఇక మిగతా లెక్కలు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం. దానికి అటో వారం ఇటో వారం విజయనగరంలో ఇంకే కార్యక్రమమూ పెట్టకండి, హాలూ దొరకదు, జనమూ దొరకరు. శ్రీకాకుళంలో రథసప్తమి రోజులు అలాంటివే, ఊరంతా అరసవల్లి దారి పడుతుంది. అక్టోబరులో ఆరుబయట స్టేజీ వద్దు. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న తీరం దాటింది, 2018లో తిత్లీ 11న. ఆ నెలకు షామియానా అడ్వాన్స్ ఇచ్చేవాళ్ల ధైర్యం నాకు లేదు. సంక్రాంతి వారం ఎవరి ఊళ్లకు వాళ్లు పోతారు. మార్చి అంటే ఇంటర్, టెన్త్ పరీక్షలు. పిల్లలు రారు, పిల్లల తల్లులు అసలే రారు. కార్తీకంలో ఆదివారాలన్నీ వనభోజనాలవే.

ఇన్ని తీసేస్తే ఇంకేం మిగిలిందని బెంగ పెట్టుకోకండి. ఏడాదికి మూడు కచేరీలకు సరిపడా మిగులుతుంది. అంతకంటే ఎక్కువ ఔత్సాహిక బృందం పెట్టుకోకూడదు కూడా.

పంచరత్న గోష్ఠి: సులువనిపించే కష్టం

చాలామంది మొదట దీనికే ఓటేస్తారు. త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమి. పెళ్లిళ్లు లేని నెల, కాబట్టి మృదంగం దొరుకుతుంది. గుడి మండపమో సంగీత కళాశాల ఆవరణో ఉంటుంది కాబట్టి హాలు ఖర్చు ఉండదు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో అయిదు కీర్తనలు, అయిదూ ఆది తాళమే. అందరూ ఒకే వరస పాడతారు కాబట్టి ప్రత్యేకంగా పార్టులు రాసి పంచే పని లేదు. ఇక్కడిదాకా అంతా లాభమే.

చిక్కు శ్రుతి దగ్గర వస్తుంది. శ్రుతిని మనం హార్మోనియం కట్టల లెక్కలో చెబుతాం: ఒకటి అంటే సి, రెండు డి, ఐదు జి. మగవాళ్లకు ఒకటి, ఒకటిన్నర హాయి. ఆడవాళ్లకు ఐదు, ఐదున్నర. పంచరత్నాలు మంద్రంలోకి దిగుతాయి, తారస్థాయిలోకి ఎక్కుతాయి, కనక రాజీపడి మధ్యలో మూడు దగ్గర పెడితే ఆడవాళ్ల గొంతు కింద వినిపించదు, మగవాళ్ల గొంతు పైన చీలుతుంది. మైకులో వినేవాడికి ఇది స్పష్టంగా తెలుస్తుంది. మీ బృందంలో ఎవరు ఎక్కువమంది ఉంటే వాళ్ల శ్రుతి ఖాయం చేయండి. మన దగ్గర మామూలుగా ఆడవాళ్లే ఎక్కువ, అంటే ఐదు. తక్కువున్నవాళ్లు అందినంత మేర పాడి, అందనిచోట ఆగిపోవాలి. ఆగిపోవడం కూడా రిహార్సల్ చేయాలి, ఎవరికివారు తోచినచోట ఆగితే అదొక గోల.

రెండోది, అయిదు కీర్తనలూ కలిపి సుమారు గంట పడుతుంది, అందులో ప్రతి చరణమూ స్వరసాహిత్యమే, అంటే ముందు స్వరాలు, తర్వాత అదే వరసలో మాటలు. పుస్తకం చూసి పాడొచ్చన్న ధీమాతో దిగుతారు. 'సాధించెనే' దాకా బాగానే ఉంటుంది. వరాళిలోని 'కనకనరుచిరా' దగ్గర సగం గొంతులు మాయమవుతాయి. వరాళిని నేరుగా పాఠం చెబితే గురుశిష్యుల మధ్య చెడుతుందని ఒక నమ్మకం ఉంది కదా, దాని పుణ్యమా అని ఆ కీర్తన సరిగ్గా నేర్చుకోనివాళ్లే ఎక్కువ. వినీ వినీ పట్టుకున్నదే తప్ప కూర్చుని నేర్చుకున్నది కాదు. నమ్మకాల సంగతి మీ ఇష్టం. కనీసం రికార్డింగ్ పెట్టుకుని చరణానికొక రోజు చొప్పున సాధన చేయించండి.

ఇంకోటి, ఆరాధన తిథి ఒక్కో ఏడు సంక్రాంతికి ముందే వచ్చేస్తుంది. అలాంటి ఏడు రిహార్సల్స్ అన్నీ ధనుర్మాసంలో పడతాయి, తెల్లవారుజామున తిరుప్పావైకి వెళ్లేవాళ్లు సాయంత్రం మళ్లీ రాలేరు. తిథి సంక్రాంతి దాటాక వచ్చే ఏడే అయిదూ పెట్టుకోండి. లేకపోతే మూడు చాలు. మూడు శుభ్రంగా పాడితే త్యాగయ్యగారేమీ అనరు.

గురజాడ సాయంత్రం: నా ఓటు దీనికే

సెప్టెంబరు 21 గురజాడ పుట్టినరోజు. చాలా ఏళ్లలో అది భాద్రపదంలోనే పడుతుంది, అంటే వాయించేవాళ్లు ఖాళీ. వినాయక చవితి పందిళ్ల హడావిడి కూడా ఎక్కువసార్లు అప్పటికి సద్దుమణుగుతుంది, ఆ ఏటి తేదీ మాత్రం ఓసారి చూసుకోండి. విజయనగరంలో ఆ రోజుకు వేరే ప్రచారం అక్కర్లేదు. స్కూళ్లు, సాహితీ సంస్థలు, మునిసిపాలిటీ అందరూ ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు. వాళ్లకు ఉపన్యాసాలు చెప్పేవాళ్లు బోలెడుమంది దొరుకుతారు, అరగంట కోరస్ పాడేవాళ్లే దొరకరు.

సంగీతపరంగా చూసినా ఇది ఔత్సాహికులకు అచ్చొచ్చిన సరుకు. 'దేశమును ప్రేమించుమన్నా' నడక చూడండి: దేశ, మును ప్రే, మించు, మన్నా. మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు. ఏడు మాత్రల మిశ్రచాపు తాళం వేసి పాడితే మాట ఎక్కడా విరగదు. 'పూర్ణమ్మ' దగ్గరికి వస్తే 'మేలిమి బంగరు మెలతల్లారా' అన్నీ నాలుగేసి మాత్రలు, ఆది తాళంలో ఇట్టే కూర్చుంటుంది. ఒకటి ఊపుగా నడిచేది, ఒకటి కథ చెప్పేది. పూర్ణమ్మను మొత్తం కోరస్‌తో పాడించకుండా కథంతా ఇద్దరు ముగ్గురు పంచుకుని, పూర్ణమ్మ మాటలు మాత్రం ఒకే గొంతుకు ఇచ్చి, తోటి ఆడపిల్లలను పిలిచే ఆ మొదటి పంక్తులకు అందరూ కలిస్తే విన్నవాళ్లు కదలరు.

ఈ పాటలకు మీరే వరస కట్టుకోవచ్చు. అది పెద్ద లాభం. ఒక స్థాయి లోపలే తిరిగేలా కట్టుకుంటే శ్రుతి తగాదా పోతుంది: రెండు శ్రుతి పెట్టుకుని మగవాళ్లు కింది స్థాయిలో, ఆడవాళ్లు పై స్థాయిలో అదే వరస పాడొచ్చు. పై షడ్జం దాటి వెళ్లకపోతే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు. హక్కుల గొడవ కూడా లేదు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచన మీద హక్కు రచయిత పోయాక 60 ఏళ్లు ఉంటుంది, గురజాడవారు పోయింది 1915లో.

శ్రీకాకుళంవాళ్లయితే దీన్నే ఆగస్టు 15కి జరుపుకుని, గరిమెళ్ల సత్యనారాయణగారిని ముందు పెట్టుకోవచ్చు. 'మాకొద్దీ తెల్లదొరతనము' పాడినందుకు జైలుకెళ్లిన మనిషి మీ జిల్లావాడు. ఆయన పోయింది 1952లో, కాబట్టి ఆ పాటకూ గడువు తీరిపోయింది. వంగపండు పాటలు మాత్రం వేరే సంగతి. ఆయన 2020లో పోయారు, హక్కులు ఇంకా ఉన్నాయి. టికెట్ పెట్టేట్టయితే అనుమతి తీసుకోండి.

సినిమా పాటల రాత్రి: జనం వస్తారు, ఖర్చూ వస్తుంది

హాలు నిండాలంటే దీన్ని మించింది లేదు, అందులో అనుమానం లేదు. పైగా మన ఊళ్లకు హక్కుగా చెప్పుకునే పేర్లున్నాయి. సుశీలమ్మ పుట్టింది విజయనగరంలోనే. ఘంటసాల పుట్టింది కృష్ణా జిల్లా అయినా, వారాలు చేసుకుని సంగీతం నేర్చుకున్నది ఇక్కడే. సాలూరు రాజేశ్వరరావుగారి ఇంటిపేరే ఊరి పేరు. ముగ్గురి పాటలతో ఒక సాయంత్రం అంటే పోస్టరు వేయకముందే ఫోన్లు మొదలవుతాయి.

అయితే తేదీ దగ్గరే తేడా కొడుతుంది. ఘంటసాల జయంతి డిసెంబరు 4, వర్ధంతి ఫిబ్రవరి 11. మొదటిది పెళ్లిళ్లు జోరుగా ఉండే రోజుల్లో పడుతుంది, రెండోది మాఘం దగ్గర, ఇంకా జోరు. మంచి వాద్యగాళ్లు దొరకరు, దొరికినవాళ్లు పెళ్లి రేటే అడుగుతారు. అదే ఆషాఢంలో పెడితే ఖర్చు సగానికి సగం తగ్గకపోయినా, రిహార్సల్‌కి మనుషులుంటారు. జయంతికే పెట్టాలన్న పట్టుదల ఎందుకో నాకర్థం కాదు. పాట వినడానికి వచ్చినవాళ్లెవరూ తేదీ చూసి చప్పట్లు కొట్టరు.

ముందే రికార్డు చేసిన వాద్యాల ట్రాక్ మీదా, లైవా అన్నది అసలు ప్రశ్న. ట్రాక్ చవక, టెన్షన్ తక్కువ, శ్రుతి తాళం తప్పదు. కానీ ట్రాక్ మీద పాడితే మీ వాద్యబృందం ఖాళీగా కూర్చుంటుంది, కోరస్‌కీ పని ఉండదు, సోలో పాడే నలుగురే ముందుకొస్తారు. రెండేళ్లు ఇలా చేసిన బృందం కరోకే క్లబ్ అవుతుంది. క్లబ్‌గా ఉండటం తప్పని అనను, మీకు కావాల్సింది అదే అయితే హాయిగా చేసుకోండి. లైవ్ అంటే మాత్రం పని ఉంది. ఆనాటి రికార్డింగుల్లో వయొలిన్ల గుంపు చేసిన పనిని మీ ఇద్దరు వయొలిన్లు, ఒక కీబోర్డు మోయాలి. పాట మధ్య వచ్చే ఆ వాద్యాల ముక్కలు, అంటే బీజీఎంలు, రాసినవి ఎక్కడా దొరకవు, ఎవరో ఒకరు చెవితో విని స్వరాలు రాసి పంచాలి. ఒక పాటకు ఒక ఆదివారం పోతుంది. అందుకే లైవ్‌లో ఎనిమిది పాటలకు మించవద్దు. అందులోనూ కోరస్ ఉన్న పాటలు, యుగళగీతాలు ముందు ఎంచండి. అందరికీ నచ్చే సోలో పాటలకంటే అందరూ పాడే పాటలే మీ బృందానికి పనికొస్తాయి.

చట్టం మాట కూడా చెప్పాలి. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో ఔత్సాహిక క్లబ్బులు, సంఘాలు డబ్బు తీసుకోని ప్రేక్షకుల ముందు పాడితే ఉల్లంఘన కాదని వెసులుబాటు ఉంది. టికెట్ పెట్టారంటే ఆ వెసులుబాటు పోతుంది, పాటల హక్కులు చూసే సంస్థ ఐపీఆర్‌ఎస్ లైసెన్సు చూసుకోవాలి. "డోనర్ పాసులు" అని పేరు మార్చినంత మాత్రాన సంగతి మారుతుందని ధైర్యం చేయకండి.

నాలుగు గొంతుల పాట

కీబోర్డు కుర్రాడి మాట కొట్టిపారేయకండి. ఆర్కెస్ట్రా, కోరస్ కలిసి పనిచేయడం అంటే ఏమిటో మీవాళ్లకు తెలియాలంటే ఇలాంటిది ఒక్కటైనా చేయాలి. ఎక్కడ మొదలుపెట్టాలన్నదే తెలివి.

కొందరు నేరుగా హాండెల్ 'మెస్సయ్య'లోని హల్లెలూయా కోరస్‌కి వెళ్తారు. 1741లో రాసి 1742లో డబ్లిన్‌లో తొలిసారి పాడిన రచన, మొత్తం పాడితే రెండు గంటలు దాటుతుంది. హల్లెలూయా ఒక్కటే అయితే నాలుగు నిమిషాలు. నాలుగు నిమిషాలే కదా అనుకుంటారు. ఆ నాలుగు నిమిషాల్లో నాలుగు గొంతులు ఒకదాని వెనక ఒకటి వేర్వేరు మాటలతో ఎత్తుకుంటాయి, పై గొంతు ఆడవాళ్లు చాలా ఎత్తుకు పోవాలి, మగవాళ్లలో పై గొంతు, కింది గొంతు విడిగా ఉండాలి. మన బృందాల్లో నిజమైన టెనర్లు, అంటే పై గొంతు మగవాళ్లు, ఇద్దరుంటే గొప్ప. మీ ఊరి పెద్ద చర్చి గాయకబృందంతో కలిసి చేస్తే తప్ప మొదటి ఏడాది దీని జోలికి పోవద్దు. కలిసి చేసేట్టయితే డిసెంబరు మొదటి వారంలోనే అయిపోవాలి, తర్వాత వాళ్లకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు.

దానికంటే బీతోవెన్ తొమ్మిదో సింఫనీ చివర వచ్చే పాట వరస తీసుకోండి. 1824 నాటిది. మొత్తం సింఫనీ గంటకు పైగా ఉంటుంది, దాన్ని మనం ముట్టుకోవద్దు, వరస ఒక్కటే. గ గ మ ప, ప మ గ రి, స స రి గ, గ రి రి. శంకరాభరణం స్వరాలు, గమకం (స్వరాన్ని ఊపడం) లేదు, మూడో పాదం చివర ఒక్క మంద్ర పంచమం తప్ప స నుంచి ప దాటదు. సరళీస్వరాలు వచ్చినవాళ్లు పది నిమిషాల్లో పట్టేస్తారు. జర్మన్ మాటలు వద్దు, స్వరాలే పాడండి. మొదటిసారి వయొలిన్లు ఒక్కటే, రెండోసారి మగవాళ్లు, మూడోసారి ఆడవాళ్లు కలిసి, నాలుగోసారి కింద ఇంకో వరస చేర్చి. జపాన్‌లో డిసెంబరు వచ్చిందంటే మామూలు జనం వేలల్లో పోగై ఆ సింఫనీ కోరస్ పాడతారు. వాళ్లందరూ గొప్ప గాయకులేం కాదు.

మన దగ్గరే ఉన్న సంపద మాత్రం ముత్తుస్వామి దీక్షితులవారి నోట్టుస్వరాలు. ఇంగ్లిష్ బ్యాండు వాయించిన వరసలకు ఆయన సంస్కృత సాహిత్యం కట్టారు. 'సంతతం పాహిమాం' వరస బ్రిటిష్ జాతీయగీతానిది, 'శక్తిసహిత గణపతిం' పిల్లలకు కూడా వస్తుంది. ఒక్కోటి ఒకటి రెండు నిమిషాలే, నాలుగు వరసగా పాడినా విసుగు రాదు. గమకాలు లేవు కాబట్టి కర్ణాటక వయొలిన్, కీబోర్డు, గిటార్, ఫ్లూట్ ఒకే మాట మీద ఉంటాయి. కృతి వాయించేటప్పుడు కీబోర్డు పలికే స్వరానికీ వయొలిన్ పలికే స్వరానికీ మధ్య వచ్చే ఆ చిరాకు ఇక్కడ రాదు. శాస్త్రీయం కావాలన్నవాళ్లకు దీక్షితులవారు, వెస్టర్న్ కావాలన్నవాళ్లకు బ్యాండు వరస. కమిటీలో గొడవ తీరడానికి ఇంతకంటే మంచి మందు నేను చూడలేదు.

ఇంకో సౌకర్యం ఉంది. హల్లెలూయా అసలు శ్రుతి, బీతోవెన్ వరస అసలు శ్రుతి, రెండూ డి, అంటే మన రెండు. గురజాడ పాటలకు కూడా రెండే పెట్టుకున్నాం. కార్యక్రమం మొత్తం ఒకే శ్రుతిలో నడిపేయొచ్చు. దీని విలువ స్టేజీ మీద తెలుస్తుంది. వయొలిన్ తీగలు స, ప, స, ప అని శ్రుతికి కట్టి ఉంటాయి. ఒకటి నుంచి ఐదుకి మారాలంటే తీగ బిగిస్తూ అయిదు నిమిషాలు, తెగితే ఇంకో పది. మృదంగం అంత దూరం అసలు మారదు, వేరే మృదంగం కావాలి. ఏసీ హాల్లో తొప్పి (మృదంగం ఎడమవైపు) మీద రవ్వ ముద్ద ఎండుతూ ఉంటుంది, శ్రుతి జారుతూ ఉంటుంది, దానికి నీళ్లు అద్దుకోవడానికే మృదంగం ఆయనకు వ్యవధి చాలదు. మధ్యలో శ్రుతి మార్పులు రెండు దాటితే ప్రేక్షకులు సమోసాల కోసం లేస్తారు. తప్పదనుకుంటే ఒకటే మార్పు, అదీ ఇంటర్వెల్ ముందు.

వాద్యాలు మాత్రమే

పాట లేకుండా వాద్యబృందం ఒక్కటే అరగంట వాయించాలన్న కోరిక వాయించేవాళ్లలో ఎప్పుడూ ఉంటుంది. పది నిమిషాలు ఇవ్వండి, చాలు. బొబ్బిలి పక్కనే ఉంది కాబట్టి వీణ పెట్టకపోతే ఎలా అంటారు, న్యాయమే. పనస దుంగ ఒక్కదాన్నే తొలిచి చేసే ఆ వీణ స్టేజీ మీద ఉంటే ఆ అందమే వేరు. కానీ వీణ నాదం చిన్నది. కీబోర్డు, ప్యాడ్స్ పక్కన మామూలు మైకు పెడితే వేళ్లు కదలడం కనిపిస్తుంది తప్ప వినిపించదు. వాద్యానికే అంటించే కాంటాక్ట్ మైకు తెచ్చుకుని, వీణ వాయించేటప్పుడు మిగతావాళ్లు ఆగాలి. సన్నాయి, డోలుది సరిగ్గా తలకిందుల సమస్య, హాల్లో ఇంకేదీ వినపడదు. వాటిని గేటు దగ్గర పెట్టి జనాన్ని ఆహ్వానించడానికి వాడుకుంటే వాళ్లకూ మర్యాద, మీకూ లాభం. తప్పెటగుళ్లు వేసేవాళ్లు దొరికితే వాళ్లదీ అదే చోటు, కార్యక్రమానికి ముందు ఆరుబయట.

ఏ హాలు

విజయనగరంలో ఆనందగజపతి ఆడిటోరియం, గురజాడ కళాభారతి, శ్రీకాకుళంలో బాపూజీ కళామందిర్. పెద్ద హాలు బుక్ చేస్తే గొప్పగా ఉంటుంది, సగం కుర్చీలు ఖాళీగా ఉంటే పాడేవాళ్ల మొహాలు వాడిపోతాయి. సినిమా పాటలకైతే పెద్ద హాలు తీసుకోండి. గురజాడ సాయంత్రానికి స్కూలు సెమినార్ హాలు లాంటిది మేలు, నిండుగా ఉంటుంది, కోరస్ మైకు లేకుండానే సగం వినిపిస్తుంది. పంచరత్నాలకు గుడి మండపం, అయితే ఆలయంవాళ్లతో హారతి వేళ ముందే మాట్లాడుకోండి, 'ఎందరో మహానుభావులు' మధ్యలో గంటలు మోగితే ఎవరినీ ఏమీ అనలేం. ఆరుబయటైతే పోలీసు అనుమతి కావాలి, రాత్రి 10 దాటి లౌడ్‌స్పీకరు మోగకూడదు. మనవాళ్లు ఆరన్నరకు అని వేసి ఏడున్నరకు మొదలుపెడతారు కాబట్టి ఈ పది గంటల లెక్క తప్పకుండా గుర్తుంచుకోవాలి. ముఖ్య అతిథుల ప్రసంగాలు చివర పెట్టండి, అప్పుడు వాళ్లే కుదించుకుంటారు.

హాలు ఏదైనా మైక్ సెట్ మనిషితో ఒక మాట ముందే ఖాయం చేసుకోవాలి. పాతిక మంది కోరస్‌కి చేతిలో పట్టుకునే మైకులు రెండు ఇచ్చి సరిపెడతారు. ఆ రెండు ఎవరి దగ్గరుంటే వాళ్ల గొంతే కోరస్ అయిపోతుంది. స్టాండు మీద దూరం నుంచి తీసుకునే మైకులు కనీసం నాలుగు అడగండి, పాడేవాళ్ల వైపు తిరిగిన మానిటర్ ఒకటి. ఈ ఖర్చు పూలదండల ఖర్చులోంచి తీసినా ఫర్వాలేదు.

నేనైతే ఇలా వేస్తాను

మొదటి ఏడాది బృందమైతే ఆషాఢమంతా రిహార్సల్, సెప్టెంబరు 21న గురజాడ పాటలు, వాటి మధ్యలో నాలుగు నోట్టుస్వరాలు, బీతోవెన్ వరస. అంతా రెండు శ్రుతిలో, గంటంపావు. పుష్యంలో పంచరత్నాలు మూడే. ఇక ఆ ఏటికి చాలు. రెండో ఏడాది ఆషాఢంలో సినిమా పాటల రాత్రి పెట్టండి, అప్పటికి ఎవరు రిహార్సల్‌కి వస్తారో ఎవరు రారో మీకు తెలిసిపోయి ఉంటుంది, జనానికీ మీ పేరు తెలిసి ఉంటుంది.

ముందే చేయి తిరిగినవాళ్లున్న బృందమైతే మొదటి ఏడే సినిమా పాటలకు వెళ్లొచ్చు. కానీ ఒక షరతు: తబలా, కీబోర్డు వాళ్లు రిహార్సల్ తేదీలు కూడా డైరీలో రాసుకుంటేనే. కచేరీ తేదీ ఒక్కటే రాసుకుంటామన్నారంటే ట్రాక్ మీద పాడుకోవడమే మర్యాద.

గురజాడ కార్యక్రమాన్ని విజయనగరంలో ఒకసారి వేశాక అక్కడితో వదిలేయకండి. తర్వాతి వారం శ్రీకాకుళంలో మళ్లీ వేయండి. అంత కష్టపడి నేర్చుకున్నది ఒక్క సాయంత్రానికే ఖర్చయిపోవడం అన్యాయం. బస్సులో రెండు గంటల ప్రయాణం, మృదంగం, వయొలిన్లు, వీణ ఉంటే వాటికి ఒక కారు. శ్రీకాకుళంలో అలాంటి బృందమే ఇంకోటి ఉంటే స్టేజీ చెరిసగం పంచుకోండి: వాళ్లు గరిమెళ్ల, మీరు గురజాడ, ఆఖరి పాట ఇద్దరూ కలిసి. ఆ ఆఖరి పాట శ్రుతి మాత్రం బయల్దేరకముందే ఫోన్‌లో ఖాయం చేసుకోవాలి. వాళ్లు ఐదులో నేర్చుకుని, మీరు రెండులో నేర్చుకుని వెళ్తే అక్కడ చేయగలిగిందేమీ ఉండదు.